తెల్లగా ఉన్నచోట నొక్కాలి

తిరుమణి
3 డిసెంబర్ 2023

నందీష్ అన్నకు, నీ చెల్లెలు ఆశ.

ఫోన్ చెయ్యొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఫోన్ ఎత్తితే వెనకాల నాయన గొంతు వినిపిస్తుందని, విన్నాక ఆ రోజంతా చేతులు పనికి లొంగవని అమ్మతో అన్నావట. సరే. ఉత్తరంలో నా గొంతు ఒక్కటే ఉంటుంది. తెలుగులో రాయడానికి కూడా కారణం ఉంది. ఊరు కర్ణాటకలో ఉన్నా ఆంధ్రలోని మడకశిర హాస్టల్లో చదివాం కాబట్టి మన ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది మనిద్దరికే. అమ్మకు ఏ అక్షరమూ రాదు. నాయనకు బస్సు బోర్డు కూడబలుక్కునేంత కన్నడ వచ్చు. కవరు ఎవరి చేతిలో పడినా మన మాట మన మధ్యే ఉంటుంది.

సంగతి ఏమిటంటే, నేను కెమెరా కొన్నాను. మా సోలార్ ప్లాంటు ఇంజనీరు సారు రాజస్థాన్‌కు బదిలీ అయ్యి పోతూ తన పాతది నాకు ఇచ్చాడు. జీతంలో కొంచెం కొంచెం పట్టుకుంటారు. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "పెండ్లిండ్లకు పోయి తీస్తావా ఏమే?" అంది. లేదు, ఊరికే అన్నాను. "ఊరికే అంటే? ఊరికే చేసేదానికి గూడా వస్తువు కొనుక్కుంటారా?" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

అన్నా, నాకు ఊరికే చేసే పని ఒకటి కావాలి. తెల్లవారకముందే వ్యాను వస్తుంది. చీకటి పడ్డాక దింపుతుంది. పగలంతా కంట్రోల్ రూములో ఎండ ఎంత కాసిందో స్క్రీన్ మీద అంకెల్లో చూస్తాను. ఎండను ఎండలాగా చూసేది ఆదివారం మాత్రమే. ఆ రోజు నాయన వెంట చేనికి పోతాను.

చేను నీకు చూపించాలనే ఫోటోలు తీస్తున్నాను. నాలుగు పక్కలా ప్యానెళ్ళు, మధ్యలో మన నాలుగెకరాలు. చుట్టూ కంచె వేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓబులేష్ తాళం తీస్తే మనుషులు పోవచ్చు. ఎద్దులు, ట్రాక్టర్లు పోకూడదు. నాయన నాలుగెకరాలూ పారతో తవ్వి కంది వేశాడు. అందరిలాగా ప్లాంటువాళ్ళకు లీజుకు ఇచ్చి ఉంటే ఈ బాధ లేదని నువ్వు అంటావు. తెలుసు. దాని మీదే కదా మూడేండ్ల కింద ఇల్లు రెండైంది. "నేను పిలిచేదాకా ఈ గడప తొక్కొద్దు" అని ఆయన, "నువ్వే నా దగ్గరికి నడిచొచ్చేదాకా నేను రాను" అని నువ్వు. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. అమ్మా నేనూ మధ్యలో నిలబడ్డాం. మీరిద్దరూ ఒక చోట కూర్చుని అన్నం తింటే చూడాలని తప్ప నాకు ఇంకో కోరిక లేదు.

నువ్వు స్టూడియోలో రోజంతా చేసేది ఇదే పని కాబట్టి అడుగుతున్నాను. ఫోటోలు సరిచేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? నా ల్యాప్‌టాప్ పాతది, పెద్ద బరువులు ఎత్తదు. నేల ఎర్రగా, మన నేల లాగానే రావాలి. నాకు కావలసింది అంతే.

అమ్మ నిన్ను సరిగ్గా తినమంది.
ఆశ


బెంగళూరు
14 డిసెంబర్ 2023

ఆశకు,

నీ ఉత్తరం స్టూడియోలో అందరి ముందూ తెరిచాను. ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వారు. నవ్వనీ. చాలా రోజుల తర్వాత తెలుగు చదివాను, చెయ్యి తిరగడం లేదు, తప్పులుంటే సర్దుకో.

ముందు కెమెరాలో జేపెగ్ ఆపేసి రా పెట్టు. రా అంటే వండని ఫోటో అనుకో. కెమెరా చూసిందంతా అందులో ఉంటుంది. దేన్నీ దాచదు, దేన్నీ సర్దదు. తర్వాత మనం వండుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అంటావా, లైట్‌రూమ్ బాగుంటుంది కానీ నెలనెలా బాడుగ కట్టాలి. కట్టడం ఆపితే నువ్వు చేసిన పని తెరుచుకోవడానికి ఇబ్బంది. ఊరికే చేసే పనికి బాడుగ ఎందుకు? డార్క్‌టేబుల్ అని ఒకటుంది, డబ్బులు అడగదు. అందులో మీటలు ఎక్కువ, మొదట్లో తల తిరుగుతుంది. నువ్వు డిగ్రీ చేసిందానివి, నేర్చుకుంటావు. ఇంకోటి మా స్టూడియోలో వాడేది. ఒక్క నొక్కుతో ముఖాలు తెల్లగా, నున్నగా చేస్తుంది. పెండ్లివాళ్ళకు అదే కావాలి. నీకు అక్కర్లేదనుకుంటా.

తీసినవి పెన్‌డ్రైవ్‌లో వేసి బెంగళూరు బస్సు కండక్టర్ బోరయ్య చేతికి ఇవ్వు. మెజెస్టిక్ బస్టాండులో నేను తీసుకుంటాను. ఉత్తరం కూడా అందులోనే పెట్టు, పోస్టు కంటే బస్సు నయం.

ఆ మనిషి ఎట్లున్నాడని నేను అడగడం లేదు. ఫోటోలో పడితే పడనీ.

నందీష్


తిరుమణి
7 జనవరి 2024

అన్నా,

ఫోటోలో పడితే పడనీ అన్నావు కదా, అన్నింట్లోనూ పడ్డాడు. చేను ఎక్కడ తీసినా ఆయన వచ్చి నిలబడతాడు. నిలబడి, తీసేటప్పుడు తల పక్కకు తిప్పుకుంటాడు.

"నన్ను తీసి యాడ అమ్ముతావు పాపా?" అన్నాడు.

"అమ్మను నాయనా. ఈ పక్కకు చూడు."

"అమ్మకపోతే నవ్వేదానికి కూలి ఎవురిస్తారు?"

అమ్మ సద్దిమూట తెచ్చి గట్టు మీద కూర్చుని ఉంది. "నవ్వేదానికి కూలి అడిగేవాణ్ని ఈ తాలూకాలో ఈయన్నే చూసినా" అంది. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. అప్పుడు తీశాను. పెన్‌డ్రైవ్‌లో మూడోది అదే. కంది కోత అయిపోయింది, కట్టెలు మోపులు కట్టి తలల మీద గేటు దాకా మోశాం. కంది దుమ్ముకేమో, నాయన ఒళ్ళంతా ఒకటే గోక్కుంటున్నాడు. సన్నబడ్డాడు కూడా. ఎద్దులు చేసే పని మనిషి చేస్తే అంతే కదా.

డార్క్‌టేబుల్ వేసుకున్నాను. నిజంగానే తల తిరిగింది. ఒక మీట తిప్పితే ఆకాశం నల్లబడుతుంది, ఇంకోటి తిప్పితే అమ్మ చీర వెలిసిపోతుంది. అయినా నీడలు పైకి లేపే మీట దొరికిన రోజు ఎగిరి గంతేశాను. తలగుడ్డ నీడలో ఏమీ కనపడని నాయన ముఖం మెల్లగా పైకి వచ్చింది. బావిలో నుంచి బిందె వచ్చినట్టు. ఎంతసేపు చూశానో. ఇంట్లో ఆయన ముఖాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. నేను వెళ్ళేటప్పటికీ చీకటే, వచ్చేటప్పటికీ చీకటే.

ఎట్లా ఉన్నాయో రాయి. ఫోటోలు అంటున్నాను, ఇంకెవరి గురించీ అడగడం లేదు.

ఆశ


బెంగళూరు
16 జనవరి 2024

ఆశకు,

మూడో ఫోటో బాగుంది. నిజం చెప్తున్నా. మా ఓనరు చూసి ఎవరు తీశారని అడిగాడు. మా చెల్లెలన్నాను.

కానీ అన్నింట్లోనూ ఒక తప్పు ఉంది. పసుపు ఎక్కువ. ఆయన ముఖం చూడు, పసుపు నీళ్ళు పోసినట్టుంది. దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటారు. ఎండ ప్యానెళ్ళ మీద పడి ఎగిరొచ్చి ముఖాన కొడుతుంది కదా, కెమెరా మోసపోయి ఉంటుంది. సరిచేయడం తేలిక. డార్క్‌టేబుల్‌లో సూది గుర్తు ఉంటుంది. అది పట్టుకుని ఫోటోలో తెల్లగా ఉన్నచోట నొక్కాలి. ఇది తెలుపు అని మనం చెప్తే, దాన్ని బట్టి మిగతా రంగులన్నీ అదే సర్దుకుంటుంది. ఆయన పంచె మాసి ఉంది, పనికిరాదు. కంటి తెల్లగుడ్డు మీద నొక్కు. పెండ్లి ఫోటోల్లో మేం చేసేది అదే. పంచెలో నీలిమందు ఉండొచ్చు, పూలు వాడిపోవచ్చు, కన్ను మాత్రం ఎవరికైనా తెల్లగానే ఉంటుంది.

అంత సన్నబడ్డాడేం? బెల్టు కట్టుకోమను. పంచె జారేట్టుంది.

నందీష్


తిరుమణి
4 ఫిబ్రవరి 2024

అన్నా,

నువ్వు చెప్పినట్టే చేశాను. నాకు ఏడుపొచ్చింది.

మూడో ఫోటో తెరిచి, నాయన కంటి తెల్లగుడ్డు మీద నొక్కాను. ఒక్క నిమిషంలో చేను చేనంతా నీలంగా మారింది. నేల వంకాయ రంగుకు తిరిగింది. ఆకాశం సిరా పోసినట్టు. అమ్మ చీర నీలం, అమ్మ ముఖం నీలం. నా వేలు జారిందేమోనని ఇంకోసారి నొక్కాను, అదే. రెండో కంటి మీద నొక్కాను, అదే. చివరికి అదే ఫోటోలో అమ్మ కంటి మీద నొక్కి చూశాను. అన్నీ సరిగ్గా వచ్చాయి. నేల మన నేలలాగే ఎర్రగా ఉంది. నాయన ముఖం మాత్రం పసుపుగానే మిగిలింది.

చాలాసేపు ఆలోచించాను. అమ్మ మోపు నీడలో కూర్చుంది, నాయన ఎండలో ఉన్నాడు. ఇద్దరి మీదా పడే వెలుతురు వేరు. అందుకే అయ్యుంటుంది. అంతేనా? లేకపోతే సాఫ్ట్‌వేర్‌లోనే లోపమా? డబ్బులు అడగనిది ఇంతే పని చేస్తుందేమో. డిగ్రీ చదివాను కానీ ఒక మనిషి ముఖం రంగు సరిచేయలేకపోతున్నాను.

మీ స్టూడియోది పంపుతావా? నాయన ఫోటో ఒకటి బాగా చేసి గోడకు పెట్టాలని ఉంది. అమ్మ కూడా అడుగుతోంది.

గేటు దగ్గర మళ్ళీ మాట వచ్చింది. వానలకు ముందైనా ఎద్దులు పోయేంత దారి వదలమని నాయన హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళందరినీ అడుగుతున్నాడు. వాళ్ళు తలాడించి పోతారు. ఆయన పని మధ్యలోనే గట్టు మీద కూర్చుండిపోతున్నాడు. ముందు అట్లా కూర్చునేవాడు కాదు.

ఆశ


బెంగళూరు
13 ఫిబ్రవరి 2024

ఆశకు,

ఏడవడమెందుకు పిచ్చిదానా. నీ తప్పు కాదు. డార్క్‌టేబుల్ నీకు కుదరలేదు, వదిలేయి. అది వెలుతురును మరీ పట్టుకుని కూర్చుంటుంది. మా స్టూడియోది పంపుతున్నా. అందులో నొక్కడాలు, సూదులు ఏమీ ఉండవు. ముఖాన్ని అదే వెతుక్కుంటుంది, పసుపును అదే తీసేస్తుంది. నేను మూడో ఫోటోను అందులో వేసి చూశాను. చక్కగా వచ్చింది. పదేండ్లు తగ్గాడు.

ఇంకో మాట. నువ్వు రా, జేపెగ్ అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో కలిపేస్తున్నావు, నాకు గందరగోళం. ఈసారి వచ్చే బస్సుకు రెండు పెన్‌డ్రైవ్‌లు పంపుతా, పేర్లు అతికించి. దేనిది దానిలో వేయి.

పెండ్లిండ్ల కాలం. నిద్ర లేదు. ఉత్తరం ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

నందీష్


తిరుమణి
2 మార్చి 2024

అన్నా,

ఈ ఉత్తరం నాయనే నీ చేతికి ఇస్తాడు. ఆయన ఎదురుగా ఉండగానే చదువు. చదివాకే మాట్లాడు. నీకు చాలాసార్లు ఫోన్ చేశాను, నువ్వు ఎత్తలేదు. ఏ మండపంలో ఉన్నావో.

నిన్న నేను డ్యూటీలో ఉండగా బోరయ్య బస్సు వచ్చింది. కవరు తీసుకోమని నేను చెప్పలేదు, నాయనే ఎదురు పోయి తీసుకున్నాడు. తెరిచాడు. లోపల రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒకదాని మీద నువ్వు పెద్దగా "రా" అని రాసి అతికించావు. తెలుగు రా, కన్నడ రా ఒకేలా ఉంటాయన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఆయన చదువుకున్నాడు. జీవితంలో ఆయన ఎవరి సాయం లేకుండా చదువుకున్న మొదటి ఉత్తరం అదే అనుకుంటా.

నేను ఇంటికి వచ్చేసరికి గడప మీద కూర్చుని ఉన్నాడు. పెన్‌డ్రైవ్ అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

"మీ యన్న రమ్మన్నాడు పాపా" అన్నాడు.

నేను వంగి ఆయన అరచేతిలోకి చూశాను.

"చూడు. ఒక్క మాటే రాసినాడు. మూడేండ్లు మాట్లాడకుండా ఉండి ఎక్కువ రాసేదానికి సిగ్గయింటాది. నాకు ఒక్క మాట చాల్దా?"

అమ్మ వంటింట్లోంచి వచ్చి, "నువ్వు పోయేది యాడికి? నువ్వు పిల్సేదాకా వాడు గడప తొక్కగూడదంటివి గదా?" అంది.

"వాడు పిల్సినాడు గదే. పిల్సినాక ఇంగ యాడ పంతం?"

అన్నా, అది ఫోటో రకం పేరు అని చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆయన ముఖం చూసి మూసుకున్నాను. బోరయ్య దగ్గరికి పోయి సీటు చెప్పి వచ్చాడు. పక్కింటి హొన్నమ్మ అవ్వకు కూడా చెప్పాడు, ఓబులేష్‌కు కూడా చెప్పాడు. శనక్కాయలు వేయించమని అమ్మ వెంటపడ్డాడు. తెల్లచొక్కా ఉతికించాడు. అందులో ఆయన, చిన్నపిల్లవాడు వాళ్ళ నాయన చొక్కా తొడుక్కున్నట్టు ఉన్నాడు.

కాబట్టి నువ్వు ఒక్క అబద్ధం ఆడాలి. "అవును నాయనా, నేనే రమ్మన్నా" అను. అంతే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంతకంటే నేను నిన్ను ఏదీ అడగను.

ఆశ


బెంగళూరు
5 మార్చి 2024

ఆశా,

ఫోన్‌లో ఆసుపత్రికి తీసుకుపో అని మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది నోటితో చెప్పలేను. రాస్తున్నాను.

నేను కంప్యూటర్ ముందు ఉన్నాను. ఒక పెండ్లికూతురి ముఖం మీద పని. తల ఎత్తితే వాకిట్లో ఉన్నాడు, చేతిలో సంచి. నోటికి మొదట వచ్చింది అనేశాను. "నువ్వేంది ఈడికి వచ్చినావు? ఎవురు రమ్మన్నారు?"

కోపంతో అనలేదు. నమ్ము. ఆశ్చర్యంతో అన్నాను. కానీ మాట బయటికి అట్లాగే వచ్చింది.

"నువ్వే గదప్పా" అన్నాడు. జేబులోంచి చేతిగుడ్డ తీసి, మడత విప్పి, పెన్‌డ్రైవ్ చూపించాడు.

నేను దాన్ని చూసి, "ఇది రా ఫైలు నాయనా. రమ్మని కాదు. ఫోటోల్లో ఒక రకం" అన్నాను. పక్కనున్న కుర్రవాళ్ళు పగలబడి నవ్వారు. ఆశా, నేను కూడా నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. "అట్నా. ఇంగ్లీషులో గూడా రా ఉంటాదా? నాకేం తెల్సు" అన్నాడు. తర్వాత, "నేను గూడా ఊరికే వచ్చినాలే. పని ఉండె, అట్నే చూసి పోదామని" అన్నాడు.

మా దగ్గర ప్రింట్లు చూసుకునే బల్ల ఒకటి ఉంది. దాని మీద తెల్లలైటు ఉంటుంది. ఆ లైటు కింద ఏ రంగు అయినా ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే పెట్టుకుంటాం. ఆయన ఆ బల్ల మీద ఉన్న ఫోటోలు చూడ్డానికి వంగాడు. తల ఎత్తి నా వైపు చూశాడు.

కళ్ళు పచ్చగా ఉన్నాయి ఆశా. పసుపు ముద్ద పెట్టినట్టు. చేతులు, గోళ్ళు, మెడ, అన్నీ.

ప్యానెళ్ళ వెలుతురు కాదు. కెమెరా మోసపోలేదు. డార్క్‌టేబుల్ సరిగ్గానే చెప్పింది. తెలుపు కానిదాన్ని చూపించి ఇది తెలుపు అని చెప్పమన్నది నేను. నువ్వు నొక్కితే చేనంతా నీలమైంది అని రాసినప్పుడైనా నాకు తట్టాల్సింది. రంగులు చూసి బతికేవాణ్ని నేను.

కూర్చో నాయనా, టీ తెస్తా అన్నాను. కిందికి పోయి వచ్చేలోపల లేడు. కుర్చీ మీద శనక్కాయల సంచి, దాని మీద నీ ఉత్తరం. నేను మాట్లాడే ముందు ఇవ్వడానికి ఆయనకు సందు దొరకలేదు. మెజెస్టిక్ దాకా పరుగెత్తాను. ఊరి బస్సులు నిలబడే చోట ఎక్కడా కనిపించలేదు.

ఆసుపత్రిలో ఏమన్నారో చెప్పు.

నందీష్


పావగడ
22 మార్చి 2024

అన్నా,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. తుమకూరులో అన్ని పరీక్షలూ అయ్యాయి. పిత్తం దిగే గొట్టం దగ్గర గడ్డ ఉందట, కాలేయానికి పాకిందట. కోయడానికి లేదన్నారు. దగ్గర్లో పెట్టుకోండి అన్నారు, అందుకే పావగడకు తెచ్చాం.

తుమకూరు డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఎప్పటి నుంచి పచ్చగా ఉన్నాడు?" అని. అమ్మ నా వైపు చూసింది. నేను తెలియదన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి డార్క్‌టేబుల్‌లో అన్ని ఫోటోలూ మళ్ళీ తెరిచాను. జనవరికి ముందు తీసినవాటిలో కూడా ఉంది. తేదీల వరుసలో పెట్టి చూస్తే పసుపు ఎట్లా ఎక్కిందో బడిపిల్లలకు పాఠం చెప్పవచ్చు. ఒకే ఇంట్లో ఉండి, ఒకే కంచంలో తిని, చీకట్లో పోయి చీకట్లో వచ్చి, ఆదివారం ఎండలో ఆయన ముఖం చూసినప్పుడు కూడా నేను కెమెరాకే పేరు పెట్టాను. దురద కంది దుమ్ము వల్ల అనుకున్నాను. ఒళ్ళు చిక్కడం పార వల్ల అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర జవాబు ఉంది. అదే అన్నా, చదువు నాకు నేర్పింది.

మీ స్టూడియో సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఫోటో గోడకు ఉంది. దాన్ని చూసి అమ్మ, "పెండ్లికొడుకు లెక్క ఉండాడు" అని మురిసిపోయింది అప్పట్లో. నాయన మాత్రం దగ్గరికి పోయి చూసి, "ఇది నేను కాదు, నందీషు గదా?" అన్నాడు. ఈ సంగతి నీకు రాయలేదు.

బెంగళూరు నుంచి వచ్చిన రోజు ఏమైందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అడిగితే, "బాగా చూసుకున్నాడప్పా, టీ తాపించినాడు" అన్నాడు. నీ ఉత్తరం చూసేదాకా నేను కూడా అదే నమ్మాను.

నిన్న నువ్వు ఫోన్‌లో ఏ ముఖంతో రావాలి అన్నావు. ఉన్న ముఖంతోనే రా అన్నా. ఈసారి నేను రాసిన మాటకు ఇంకో అర్థం లేదు. తొందరగా రా. మనుషులను గుర్తుపట్టడం తప్పుతూ ఉంది.

ఆశ


తిరుమణి
26 మే 2024

అన్నా,

నాయన దినాలప్పుడు దొడ్లో నిలబడి నన్ను ఒక మాట అడిగావు. "నేను వార్డులోంచి బయటికి పోయాక నాయన ఏమన్నాడు?" అని. నిద్రపోయాడు అన్నాను. నిద్రపోలేదు. అప్పుడు నీ ముఖం చూస్తూ చెప్పడం నాకు చేతకాలేదు. నువ్వు పోయాక కూడా చాలా రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు నువ్వు వార్డులోకి వచ్చావు. స్టూడియో నుంచి నేరుగా వచ్చావు కాబట్టి మెడలో గుర్తింపు కార్డు అట్లాగే ఉంది, చొక్కా టక్ చేసి ఉంది. నాయన కళ్ళు తెరిచి నిన్ను కిందికీ పైకీ చూశాడు. లేచి కూర్చోవాలని చూశాడు. నువ్వు నాయనా అని వంగావు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీరే వచ్చినారా. నన్ను చిన్నన్న అంటారు సార్. మీ కంచె లోపల నాలుగెకరాలు ఉండాది. ఎద్దులు పొయ్యేంత దారి ఇడిస్తే చాలు."

నువ్వు నా వైపు చూశావు. నేను ఏ సైగా చేయలేదు. చేయాలో వద్దో నాకు తెలియలేదు.

"వదుల్తాం" అన్నావు నువ్వు.

"ట్రాక్టరు అడగను సార్. ఎద్దులే."

"వదుల్తామప్పా. నేను చెప్తాను వాళ్ళకు."

"పుణ్యం ఉంటాది సార్ మీకు" అని మళ్ళీ దండం పెట్టాడు. నువ్వు ఆ చేతులను పట్టుకోబోయి, పట్టుకుంటే సారు కాకుండా పోతావనేమో, ఆగిపోయావు. ఆ తర్వాత బయటికి పోయావు. నువ్వు గోడకు తల ఆనించుకుని ఉండడం కిటికీలోంచి కనిపించింది.

ఆయన చాలాసేపు సంతోషంగా ఉన్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నన్ను గుర్తుపట్టాడు, పాపా అనే పిలిచాడు.

"ఆ సారు మంచోడు. మాట తీరు చూస్తే తెలుస్తాది. మనోళ్ళ మాదిరే మాట్లాడినాడు" అన్నాడు. "మీ యన్నకు ఒక ఉత్తరం రాయి. వానికి తెలుగులో రాస్తే బాగా చదువుకుంటాడు. దారి ఇడుస్తా ఉండారు, ఇంగ మనకు కొట్లాడుకునేదానికి ఏమీ లేదు అని రాయి. వానకు ముందే వచ్చి దున్నుకోమను. ఎద్దులు హొసకోట సంతలో చూస్తే దొరుకుతాయి."

"రాస్తాను నాయనా" అన్నాను.

"మర్సిపోవద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఎవరితోనూ అర్థమయ్యేట్టు మాట్లాడలేదు. నువ్వు లోపలికి వచ్చేసరికి కళ్ళు మూసుకునే ఉన్నాడు.

నీకు ఈ మాట చేర్చకపోతే ఆయనకు ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది, చేరిస్తే నిన్ను బతికుండగానే కోసినట్టవుతుంది. రెండింటిలో ఏది తక్కువ పాపమో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. రాయమన్నాడు. రాశాను.

నిన్న ఇక్కడ మొదటి వాన పడింది. సాయంత్రం చేనికి పోదామని గేటు దగ్గర నిలబడ్డాను. ఓబులేష్ తాళం తీసి, నేను లోపలికి అడుగు పెట్టాక కూడా తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "వెనకాల ఎవురన్నా వస్తుండారా పాపా?" అన్నాడు.

ఎవరూ లేరు, మూసెయ్ అన్నాను.

ఆశ